రెండు గినీ పిగ్‌లకి ఎంత చోటు కావాలి? బాల్కనీలో పెట్టవచ్చా?

భీమవరం నుంచి ఒకరు అడిగారు. అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. పాప పుట్టినరోజుకి రెండు గినీ పిగ్ పిల్లల్ని (పేరులో పిగ్ ఉన్నా పంది కాదు, తోక లేని చిన్న పెంపుడు జంతువు) కొన్నారు. షాపువాళ్లు వాటితో పాటు 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తీగల పంజరం ఇచ్చారు. ఇంట్లో వాసన వస్తోందని దాన్ని బాల్కనీలోకి మార్చారు. ఇంతకంటే పెద్దది కావాలా, బాల్కనీ పనికొస్తుందా, పగలు ఇంట్లో వదిలేస్తే సరిపోదా అని వారి ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. బాల్కనీ వద్దు. ఆ పంజరం చాలదు. రెండింటికీ కలిపి కనీసం ఒక గజం నేల ఇవ్వండి, అంటే 9 చదరపు అడుగులు. ఇంట్లో మధ్యాహ్నం పూట కూడా చల్లగా ఉండే మూల చూసి అక్కడ పెట్టండి. కింద తీగలు ఉండకూడదు, చదునైన గట్టి నేల ఉండాలి. పగలు కాసేపు వదలడం మంచిదే. కానీ రోజులో మిగిలిన ఇరవై గంటలు అవి ఉండేది గూట్లోనే కదా, గూడు సరిగ్గా ఉండాల్సిందే.

నేను అమలాపురం దగ్గర పల్లెలో ఉంటాను. పన్నెండేళ్లుగా వీటిని పెంచుతున్నాను, ఇప్పుడు ఇంట్లో ఐదున్నాయి. పశువుల డాక్టర్ని కాను. కింద రాసేదంతా పెంచుతూ నేర్చుకున్నది, కొంత పోగొట్టుకుని నేర్చుకున్నది.

గజం ఎందుకు?

ఆరడుగుల సింగిల్ మంచం ఉంటుంది చూడండి, దానిలో సగం అనుకోండి. అమెరికాలో జంతు సంక్షేమ సంస్థలు రెండు గినీ పిగ్‌లకి కనీసం 7.5 చదరపు అడుగులు ఉండాలంటాయి, 10.5 ఉంటే మేలంటాయి. మన గజం ఆ రెండింటికీ మధ్యలో పడుతుంది. మీ దగ్గరున్న పంజరం 3 చదరపు అడుగులే. ఇప్పుడు అరచేతిలో ఇమిడే పిల్లలు కాబట్టి అందులో చోటున్నట్టే కనిపిస్తుంది. ఆరు నెలలు తిరిగేసరికి ఒక్కొక్కటి ముప్పావు కిలో దాటుతుంది, కొన్ని కిలో పైనే తూగుతాయి. అప్పుడు దాంట్లో గడ్డి, నీళ్ల గిన్నె, దాక్కునే గూడు పెట్టాక ఒకదాని మీద ఒకటి పడుకోవాల్సిందే.

కొలిచేటప్పుడు ఎత్తు లెక్కలోకి తీసుకోకండి. ఇవి ఎలకల్లా ఎక్కేవి కావు, నేల మీద పరిగెత్తేవి. రెండంతస్తుల పంజరాలు చూడడానికి బాగుంటాయి గానీ పై అంతస్తు విస్తీర్ణాన్ని గజంలో కలపకూడదు. పైనుంచి పడితే కాలు విరుగుతుంది, ముందు పళ్లు విరుగుతాయి. కొలతల్లో 3 అడుగులకి 3 అడుగుల చదరం కంటే 5 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు నయం. పొడవుంటేనే పరుగు వస్తుంది. సాయంత్రం చల్లబడ్డాక మా ఐదింటిలో చిన్నది ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకెళ్లి, మధ్యలో ఉన్నట్టుండి మూకుడులో పేలాలు పేలినట్టు గాల్లోకి ఎగిరిపడుతుంది. సంతోషం వస్తే చేసే పని అది. మూడు చదరపు అడుగుల పంజరంలో పెంచిన రెండేళ్లలో ఒక్కసారి కూడా నేనది చూడలేదు. ఇవి ఇంతే కాబోలు, మూలన కూర్చునే జంతువులు కాబోలు అనుకునేదాన్ని.

మీరు వాసన అన్నారు. అది కూడా చోటు తక్కువైనందువల్లే. ఒక జంట రోజంతా పోసే మూత్రం మూడు చదరపు అడుగుల్లో ఇంకితే ఏం వేసినా రెండో రోజుకి ఘాటు కొడుతుంది. ఆ ఘాటు మనకంటే ముందు వాటి ఊపిరితిత్తులకి తగులుతుంది. చోటు పెరిగితే తడి ఒక మూలకి పరిమితమవుతుంది, ఆ మూల మాత్రం రోజూ మారిస్తే సరిపోతుంది. పంజరం పెద్దదైతే పని పెరుగుతుందని భయపడతారు, నాకైతే పని సగానికి తగ్గింది.

బాల్కనీ ఎందుకు వద్దంటున్నాను?

వీటి పుట్టినచోటు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా వైపు వేల ఏళ్లుగా ఇళ్లలో పెంచుతున్నారు. ఒత్తు బొచ్చు, పొట్టి మెడ, చెమట పట్టని ఒళ్లు. చలికి పనికొచ్చే శరీరం అది. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటాయి. మన దగ్గర అంత చల్లదనం డిసెంబరు, జనవరి రాత్రుళ్లు తప్ప దొరకదు. ఇక్కడే పుట్టి పెరిగినవి కొంత అలవాటు పడతాయి, కాదనను. కానీ 30 దాటి గాలి ఆడకపోతే, దానికి మన ఉక్కపోత తోడైతే గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

2016 మే నెలలో నా మొదటి జంటలో మగది వడదెబ్బకి చనిపోయింది. అప్పుడు వాటిని డాబా మీద రేకుల గదిలో ఉంచేదాన్ని. పొద్దున గది చల్లగానే ఉండేది. కిటికీలు రెండూ తీసి, ఫ్యాను వేసి, ఒక పెళ్లికి వెళ్లాను. మధ్యలో కరెంటు పోయింది. మూడు గంటలకి తిరిగొచ్చేసరికి మగది పక్కకి ఒరిగి కాళ్లు చాపేసి ఉంది. గడ్డం కింద బొచ్చంతా చొంగతో తడిసి అట్ట కట్టింది, డొక్కలు గబగబా ఎగిరిపడుతున్నాయి. ఆడది నీళ్ల ముంత ఒలికిన చోట తడి నేలకి పొట్ట ఆనించి పడుకుంది. అందుకే బతికిందని నా నమ్మకం. నేను కంగారులో మగదాన్ని ఐసు నీళ్లలో ముంచాను. అలా చేయకూడదని తర్వాత డాక్టరు గారు చెప్పారు. మామూలు చల్లటి నీళ్లతో చెవులు, పాదాలు తడిపి, ఫ్యాను గాలి తగిలేలా పెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలట. ఒక్కసారిగా ఐసు తగిలితే చర్మం దగ్గర రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్టుంటుంది, కానీ మీకు తెలియాలని రాస్తున్నాను.

బాల్కనీ కూడా అలాంటిదే. పొద్దున మీరు చూసినప్పుడు బాగానే ఉంటుంది. పడమటి వైపుదైతే మధ్యాహ్నం రెండు నుంచి గోడ, టైల్సు, గ్రిల్లు అన్నీ కాలిపోతాయి, ఆ వేడి రాత్రి ఎనిమిది దాటినా దిగదు. జూన్ చివర నుంచి ఏటవాలు జల్లు లోపలికి కొడుతుంది. మూడో అంతస్తుకైనా పిల్లి వస్తుంది, కాకులు గ్రిల్లు మీద వాలి అరుస్తుంటే ఇవి బిక్కచచ్చి మూలన దూరిపోతాయి.

ఇంట్లో చోటు ఎలా వెతకాలి?

మధ్యాహ్నం రెండు గంటలకి ఇల్లంతా చెప్పుల్లేకుండా ఒకసారి తిరగండి. కాలికి ఎక్కడ చల్లగా తగిలిందో అక్కడ మొదటి గుర్తు పెట్టుకోండి. తర్వాత ఒక గది థర్మామీటరు తెచ్చి ఆ మూలన నేల మీదే మూడు రోజులు ఉంచి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. గోడకి తగిలిస్తే లెక్క తప్పుతుంది, ఇవి ఉండేది నేల మీద కాబట్టి నేల దగ్గర కొలవాలి. చాలా ఇళ్లలో ఉత్తరం గోడకి, తూర్పు వైపు గదిలో లోపలి మూలకి ఈ లక్షణం ఉంటుంది. మీరు మూడో అంతస్తన్నారు, పైన ఇంకో అంతస్తు ఉంటే మీ అదృష్టం. పైన నేరుగా డాబానే ఉంటే ఏప్రిల్ నుంచి జూన్ మధ్య వరకు ఏసీ గదిలోకి మార్చక తప్పదు. ఏసీ 26 మీద పెట్టి, గాలి నేరుగా గూటి మీద పడకుండా చూసుకోండి. ఎయిర్ కూలర్‌ని నమ్ముకోకండి. మన గాలిలో ఉన్న తడికి అది ఇంకాస్త తడి కలుపుతుంది, చల్లదనం పెద్దగా రాదు.

కరెంటు పోయే రోజుల కోసం లీటరు నీళ్ల సీసాలు రెండు ఫ్రీజర్లో ఎప్పుడూ ఉంచుతాను. తువ్వాలులో చుట్టి గూట్లో ఒక పక్కన పెడితే అవే వచ్చి ఆనుకుని పడుకుంటాయి. మరీ చల్లగా అనిపిస్తే జరుగుతాయి. అలాగే ఇల్లు కట్టినప్పుడు మిగిలిన గ్రానైటు ముక్క ఒకటి ఒక పక్కన వేయండి. మా ఇంట్లో మే నెలలో దాని మీద చోటు కోసం తోసుకుంటాయి.

చల్లదనం చూశాక పొగ, చప్పుడు చూడండి. వంటగది పక్కన వద్దు, తాలింపు ఘాటు వీటికి పడదు. దేవుడి మూల దగ్గర వద్దు, అగరొత్తుల పొగ రోజూ తగులుతుంది. దోమల చుట్ట ఆ గదిలో అసలు వెలిగించకండి. బదులుగా గూటి మీద దోమతెర కప్పండి. దోమలకే కాదు, ఈగలకి కూడా అది చాలా అవసరం. వానాకాలంలో వెనక భాగం తడిగా, మురికిగా ఉంటే ఈగ గుడ్లు పెడుతుంది, ఒక్క రోజులో పురుగు పడుతుంది. నేను ఒకసారి చూశాను, మళ్లీ చూడాలని లేదు. టీవీకి ఎదురుగా, స్పీకర్ పక్కన కూడా పెట్టకండి. అలాగని ఎవరూ రాని స్టోర్ రూములో పడేయకండి. మనుషుల అలికిడి వీటికి ఇష్టం. ఫ్రిజ్ తలుపు చప్పుడు, కొత్తిమీర కట్ట ఉన్న కవరు గలగల వినపడితే చాలు, మా ఐదూ ముందు కాళ్లు అంచుకి ఆనించి ఈల వేసినట్టు అరుస్తాయి.

గూడు ఎలా కట్టించాలి?

ఇంత పెద్ద పంజరం మన ఊళ్లలో షాపుల్లో దొరకడం కష్టం. దొరికినా ధర ఎక్కువ. వడ్రంగి చేత చేయించుకోవడం తేలిక. 5 అడుగులు, 2 అడుగుల ప్లైవుడ్ చెక్క, చుట్టూ 14 అంగుళాల అంచు, పైన తెరిచి మూసేలా జాలీ మూత. జాలీ పావు అంగుళం కన్నాలది తీసుకోండి. కోళ్లకి వాడే పెద్ద కన్నాల వల వద్దు, అందులోంచి చిట్టెలక సులువుగా దూరుతుంది. కాళ్లు అడుగు ఎత్తు పెట్టిస్తే కింద ఊడ్చుకోవడానికి బాగుంటుంది. చీమలు ఎక్కకుండా ఒక్కో కాలి కింద నీళ్ల గిన్నె పెట్టవచ్చు. చీమల మందు, చీమల చాక్‌పీసు మాత్రం ఆ దరిదాపుల్లో గీయకండి.

చెక్క తడిస్తే ఉబ్బి కుళ్లిపోతుంది కాబట్టి దాని మీద పాత ఫ్లెక్సీ పరవండి. మన ఊళ్లలో ఫ్లెక్సీలకి కొదవ లేదు. అంచులు బయటికి మడిచి మేకులు కొట్టేస్తే కొరకడానికి పంటికి దొరకవు. దాని మీద నాలుగు పొరలు న్యూస్‌పేపరు, ఆ పైన పాత దుప్పటిగానీ బొంతగానీ వేయండి. మూడు జతలు పెట్టుకుంటే ఒకటి గూట్లో, ఒకటి ఉతుకులో, ఒకటి ఆరుతూ ఉంటాయి. వానాకాలంలో నాలుగు కావాలి. రంపపు పొట్టు చవక అని వేస్తారు, దాని దుమ్ముకి తుమ్ములు పట్టుకుంటాయి. వరి ఊక ఇంకా చెడ్డది, మొనలు కంట్లో గుచ్చుకుంటాయి. కొబ్బరి పీచు మా కోనసీమలో ఊరికే దొరుకుతుంది కాబట్టి నేనూ ఒక ఏడాది వాడాను. పొట్టు ఎగురుతుంది, పీచు పోగులు కాలి వేళ్లకి చుట్టుకుంటాయి. మానేశాను.

తీగల నేల సంగతి విడిగా చెప్పాలి. రావులపాలెం వైపు నుంచి ఒకావిడ తన గినీ పిగ్ నడవడం లేదని తీసుకొచ్చారు. చూడడానికి ఆరోగ్యంగానే ఉంది. వెల్లకిలా ఒళ్లో పట్టుకుని చూస్తే వెనక పాదాల అడుగున చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది, ఒక పాదానికి శనగగింజంత పుండు, మధ్యలో నల్లటి పెచ్చు. పది నెలలు తీగల మీద నిలబడి ఉంది పాపం. మందులతో మానడానికి రెండు నెలల పైనే పట్టింది. మీరు ఈరోజే మీ గినీ పిగ్ పిల్లల పాదాలు చూడండి. లేత గులాబీ రంగులో మెత్తగా ఉంటే మంచిదే. కొత్త గూడు తయారయ్యేలోపు ఆ తీగల మీద అట్టముక్క వేసి, దాని మీద మందపాటి దుప్పటి పరవండి.

లోపల దాక్కునే గూళ్లు తలకొకటి, అదనంగా ఒకటి ఉండాలి. ప్రతి గూటికీ రెండు దారులు ఉండాలి. ఒకే దారి ఉంటే బలమైనది గుమ్మంలో కూర్చుని రెండోదాన్ని బయటికి రానివ్వదు, గొడవలు అక్కడే మొదలవుతాయి. నేను కుమ్మరి దగ్గర రెండు పక్కలా మూతి ఉన్న మట్టి గొట్టంలాంటివి చేయించాను. ఎండాకాలంలో పైన నీళ్లు చిలకరిస్తే లోపల చల్లగా ఉంటుంది. మట్టివి లేకపోతే అట్టపెట్టెకి రెండు వైపులా కన్నాలు కోసినా చాలు. గడ్డి ఎక్కడ పెడితే అక్కడే తింటూ మూత్రం పోస్తాయి కాబట్టి గడ్డి ఒక చివర వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో పెట్టండి. రోజూ మార్చాల్సిన తడి మూల అదే.

గడ్డి అంటే వరిగడ్డి సరిపోదు, దానిలో బలం లేదు, పోచలు గరుకు. గరిక, మంచి పచ్చగడ్డి కావాలి. పొలం గట్ల మీద కోసింది మాత్రం తేవద్దు, గడ్డి మందు కొట్టని గట్టు మన డెల్టాలో ఈరోజుల్లో అరుదు. తిండి గురించి అడగలేదు కాబట్టి ఒక్క మాటే చెబుతాను. మనలాగే వీటి ఒళ్లు విటమిన్ సి తయారు చేసుకోలేదు, రోజూ కాస్త క్యాప్సికమ్, జామకాయ ముక్క, కొత్తిమీర అందాలి.

ఎవరిని ఎవరితో ఉంచాలి?

రెండు కొన్నారు, మంచి పని చేశారు. ఇవి ఒంటరిగా బతికే జంతువులు కావు. స్విట్జర్లాండులో 2008 నాటి జంతు సంరక్షణ నిబంధనల ప్రకారం గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదు. అయితే రెండూ ఆడవేనా, రెండూ మగవేనా అన్నది షాపువాళ్ల మాట మీద వదిలేయకండి. నాకు రెండూ ఆడవని ఇచ్చిన జంటకి రెండు నెలలకి మూడు పిల్లలు పుట్టాయి. వీటి గర్భం రెండు నెలల చిల్లర. పిల్లలు కళ్లు తెరిచి, బొచ్చుతోనే పుడతాయి. కన్న కొన్ని గంటలకే తల్లి మళ్లీ ఎదకొస్తుంది. మగపిల్లల్ని మూడు వారాలకే వేరు చేయాలి. ఒక గజం గూడు నాలుగు నెలల్లో ఎలా ఇరుకైపోతుందో ఊహించుకోండి. ఈ వారమే పశువుల డాక్టరుకి చూపించి ఖాయం చేసుకోండి.

రెండూ మగవైతే గజం సరిపోదు, 10 నుంచి 12 చదరపు అడుగులు ఇవ్వండి. నాలుగైదు నెలల వయసులో పళ్లు టకటకలాడిస్తూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. అప్పుడు చోటు, రెండు చోట్ల గడ్డి, రెండు నీళ్ల గిన్నెలు ఉంటే చాలావరకు సర్దుకుంటాయి. రక్తం కనిపిస్తే మాత్రం విడదీయాలి.

కుందేలుతో కలిపి పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. షాపుల్లో ఒకే బోనులో ఉంచి అమ్ముతారు కాబట్టి కలిసి బతుకుతాయనుకుంటాం. కుందేలు వెనక కాలితో ఒక్కటి తన్నితే దీని పక్కటెముక విరుగుతుంది. పైగా కుందేలుకి ఏ హానీ చేయని సూక్ష్మజీవులు కొన్ని దీనికి న్యుమోనియా తెస్తాయి.

సొంత ఇల్లు ఉన్నవాళ్లు చదువుతుంటే వాళ్లకో మాట. పెరట్లో, కోళ్ల గూట్లో పెట్టకండి. పందికొక్కు రాత్రికి రాత్రి చెక్క కొరికి లోపలికి వస్తుంది, జెర్రిపోతుకి పిల్లలు ఒక గుటక. వసారాలో పెట్టినా రాత్రి లోపలికి తేవాలి. లంకల్లో, ఏటి గట్టు పక్కన ఉన్నవాళ్లు మూత ఉన్న పళ్ల క్రేటు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. 2022 జులై వరదల్లో మా చుట్టాలు లంక నుంచి పడవలో వస్తూ వాళ్ల మూడింటినీ అలాంటి క్రేటులోనే తెచ్చారు. ఎనిమిది రోజులు మా ఇంట్లో ఉన్నాయి. మావాటితో కలపలేదు, విడి గదిలోనే పెట్టాం. ఒకదానికి తామర ఉందని నాలుగో రోజుకి బయటపడింది. తామర మన ఇంట్లో పిల్లలకి కూడా అంటుకుంటుంది, వానాకాలంలో గూడు తడిగా ఉంటే ఎక్కువ వస్తుంది. పాపకి ముట్టుకున్నాక చేతులు కడుక్కోవడం అలవాటు చేయండి. గూడు తుడవడానికి ఫినాయిల్ కాకుండా నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి వాడండి, మూత్రం తెల్లగా అట్ట కట్టిన చోట కూడా అది పోతుంది.

పగలు హాల్లో వదిలేటప్పుడు వైర్లు పైకి కట్టేయండి, ఫ్రిజ్ వెనక సందు మూసేయండి. నున్నటి టైల్సు మీద కాళ్లు జారతాయి, దుప్పటి పరిచి గోడ వెంబడి వదలండి. నడిమధ్యలో వదిలితే కదలవు, ఆకాశంలో గద్ద ఉందేమోనన్న భయం వాటి రక్తంలోనే ఉంది.

బాల్కనీ నుంచి లోపలికి తెచ్చిన మొదటి రోజు రెండూ దాక్కునే ఉంటాయి, కంగారు పడకండి. కానీ తినడం మాత్రం ఆపకూడదు. పన్నెండు గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు కనిపించకపోయినా రేపు చూద్దాంలే అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మీ హాలు కొలతలు, పడమటి గోడ ఎటువైపుందో, మీ పైన అంతస్తు ఉందో లేదో రాయండి. వడ్రంగికి చూపించేలా గూటి కొలతలతో బొమ్మ గీసి పెడతాను.